నీతికథయు, అద్భుతకథయు

ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) హరికథా పితామహులని ప్రసిద్ధి. బొబ్బిలి ప్రాంతమునందలి అజ్జాడ వారి జన్మస్థలము. 1919వ సంవత్సరమున విజయనగరమున వెలసిన సంగీత కళాశాలకు వారే ప్రథమాధ్యక్షులు. పారసీకమునుండి ఉమర్ ఖయ్యాము రుబాయతులను తెనిగించిన ఆ పండితులు, గ్రీకుదేశపు ఈసపు కథలు నూఱింటిని గూడ అచ్చతెలుగున వ్రాసి, ఆ గ్రంథమునకు ‘నూఱుగంటి’ యని పేరిడిరి. నక్కలు, కాకులు, తోడేళ్లు మాటలాడు చిన్నకథలకై అంతటివారేల శ్రమపడిరి?

నీతికథ చూచుటకు చిన్నది. అందలి జంతువులు పేరునకే జంతువులు. నక్క యనిన జిత్తులు, గాడిద యనిన తెలివిమాలినతనము. ఊరు లేదు, కాలము లేదు. అందుచేతనే అది ఏ దేశమునకైనను పోగలదు. మన పంచతంత్రము ఆఱవ శతాబ్దిలో పారసీక దేశమునకు పోయి, ఎనిమిదవ శతాబ్దిలో అరబ్బీ వేషము ధరించి, పిమ్మట ఐరోపా చేరెను. పరవస్తు చిన్నయసూరి 1853లో ప్రకటించిన ‘నీతిచంద్రిక’ మూలమున మిత్రలాభ మిత్రభేదములు తెలుగు బడులలో తరతరములకు పాఠ్యములయ్యెను.

అయితే నీతికథకు కనికరము తక్కువ. సింహము బావిలో తన నీడను చూచి, మఱియొక సింహమని భ్రమించి, దుమికి చచ్చినది. కుందేలును రక్షించుటకు ఏ దేవతయు రాలేదు; దాని బుద్ధియే దానిని గాచెను. మూఢుడైనచో బలహీనుడును చచ్చును, బలవంతుడును చచ్చును. లోకమిట్లున్నది, కన్నులు తెఱచి నడువుమని చెప్పి ఆ కథ ముగియును.

అద్భుతకథ త్రోవ వేఱు. బాలనాగమ్మ కథ వినని తెలుగువారరుదు. మాయావి యొకడు ఆమెను కుక్కగా మార్చి కొనిపోవును. విడిపింపబోయిన భర్త శిలయై పడియుండును. మాయావి ప్రాణము వాని దేహమున లేదు. ఏడు సముద్రముల కావల నొక చిలుకలో నున్నది. ఆ చిలుకను తెచ్చి వానిని చంపువాడు, ఆమె కుమారుడు, పసివాడగు బాలవర్ధిరాజు. రుష్యా దేశపు కథలలో కొష్చేయ్ అను మాయావి ప్రాణము సూదిమొనలో నుండును. ఆ సూది గ్రుడ్డులో నుండును. ఆ దేశపు అవ్వలు, మన అవ్వలు ఒకరినొకరు ఎఱుగరు. ప్రాణము దాచు విద్య మాత్రము ఇరువురకును తెలిసినది.

ఇట్టి కథలు పిల్లలను భ్రమలో ముంచునని కొందఱు పెద్దలందురు. ఈ మాట నాకు సమ్మతము కాదు. చిలుకలో ప్రాణముండునని ఏ బాలుడును పెరిగిన పిదప నమ్మడు. కాని పెద్దలు ఓడిన చోట చిన్నవాడు గెలువవచ్చునను ధైర్యము వానికి మిగులును. నీతికథ ఆ ధైర్యము నీయజాలదు. అట్లని ధైర్యమొక్కటే చాలునా? నక్క పొగడ్తకు నోరు తెఱచిన కాకికి ధైర్యము కొఱవడలేదు.

ఏడు చేపల కథ మాత్రము ఈ రెండు తెగలలో దేనికిని లొంగదు. చేప ఎండకపోవుటకు కారణము వెదకుచు పోయి పోయి చీమపుట్టకడ ఆగుదుము. అందు మాయ లేదు, తీర్పు లేదు. ఒకరి తరువాత ఒకరు నెపము వేయుటయే కలదు. దానిలో గూఢార్థములు వివరించు పండితులు కలరు గాని, పిల్లలు వారి కొఱకు ఆగరు.

నీతికథ అచ్చున కెక్కినది గనుక నిలిచినది. అద్భుతకథ చాలవఱకు నోటనే యున్నది. మన ప్రాంతమున జముకు వాయించుచు రాత్రులు కథ నడపువారు వినువారిని బట్టి ఒకచోట పెంచుదురు, ఒకచోట త్రుంచుదురు. చెప్పువారు పోయినచో ఆ కథయు వారితోనే పోవును.

సవరల కథలకు ఈ ముప్పు మఱింత హెచ్చు. శ్రీముఖలింగము చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండగా, తెలుగును సవరభాషయు నెఱిగిన యొకనిని ఇంట నుంచుకొని ఆ భాష నేర్చిరి. దానికి అప్పటికి సొంత లిపి లేదు. సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పవలెనని వారి పాటలను, కథలను సేకరించి, పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టిరి. వారి సవర వ్యాకరణము 1931లో మద్రాసున ప్రకటితమయ్యెను.

సీతంపేట కొండలలో నేటికిని సవర మాటలాడు ఊళ్లు కలవు. అచట ఈ రాత్రి ఒక అవ్వ మనుమలకు చెప్పు కథ ఏ గ్రంథమునందును లేకపోవచ్చును.