కొంగనొక్కదాన్నే ముద్దాయిని చేస్తే ఎలా?

ప్రశ్న: మాది నేలపట్టు దగ్గరి పల్లె. ఏటా చలికాలంలో గూడబాతులు, కొంగలు వచ్చి మా చెరువులో చెట్లమీద గూళ్లు పెడతాయి. బర్డ్ ఫ్లూ తెచ్చేది అవేనని, టపాకాయలు కాల్చి తరిమేద్దామని కుర్రాళ్లు అంటున్నారు. నాకు కాసిని నాటుకోళ్లున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక రైతు, సూళ్లూరుపేట ప్రాంతం

జవాబు: ఆ పని మాత్రం చేయనివ్వకండి. వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది, అదొకటి. వాటిలో ఏ పక్షికైనా వైరస్ ఉంటే మీ చెరువులో ఉన్నదాన్ని చుట్టుపక్కల చెరువులన్నిటికీ మీరే పంపినట్టవుతుంది.

అసలు ఇప్పుడు తిరుగుతున్న హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ రకం 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో మొదట పట్టుబడింది పెంపుడు పెద్దబాతుల్లోనే. 2005లో అదే దేశంలో చింగ్‌హై సరస్సు దగ్గర ఆ వైరస్‌తోనే వలసపక్షులు వేలల్లో చచ్చాయి. 2020 డిసెంబరు చివర, 2021 జనవరిలో మన హిమాచల్ ప్రదేశ్‌లోని పాంగ్ డ్యామ్ ఒడ్డున వేలాది పక్షులు రాలిపోయాయి. వాటిలో ఎక్కువ భాగం హిమాలయాలు దాటి వచ్చే చారలతల బాతులే. ఫారాల నుంచి పక్షులకూ, పక్షుల నుంచి ఫారాలకూ వైరస్ రాకపోకలున్నాయన్నమాట.

కొన్ని అడవి బాతులు జబ్బుపడకుండానే వైరస్‌ను మోస్తాయి, రెట్టల్లో వదులుతాయి. చిక్కంతా అక్కడే. చల్లని నీళ్లలో అది వారాల తరబడి బతుకుతుంది. కాబట్టి మీ కోళ్లు తాగే నీళ్లకు కాపలా కాయండి. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని మీ వైపే చెబుతారు. పైరుకు పెట్టుకోండి, కోళ్ల తొట్టిలో మాత్రం బోరు నీళ్లే పోయండి. నూకలు, తవుడు ఆరుబయట చల్లకుండా పైకప్పు కింద వేయండి. చెరువుగట్టు తొక్కిన చెప్పులు కోళ్లగూటి దాకా రానివ్వకండి. కోతలయ్యాక పొలాల్లో దిగే బాతుల మందలు ఉన్నాయే, ఊరూరా తిరిగే ఆ మందల మీద నాకు కొంగల మీదకంటే ఎక్కువ అనుమానం. వాటిని మీ కోళ్లతో కలవనివ్వకండి.

ప్రశ్న: మా డాబా మీద చచ్చిపడిన కాకిని మా అబ్బాయి ఉత్తచేత్తో తీసి పారేశాడు. భయంగా ఉంది.
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: చేతులు సబ్బుతో బాగా కడిగించండి, బట్టలు ఉతికేయండి. పది రోజుల్లోపు జ్వరం, దగ్గు, కళ్ల ఎరుపు కనిపిస్తే డాక్టరుకు చూపించి, కాకిని ముట్టుకున్న సంగతి తప్పక చెప్పండి. మీరు చెప్పకుండా ఏ డాక్టరూ కాకి గురించి ఆలోచించడు.

చచ్చిన ప్రతి పక్షికీ బర్డ్ ఫ్లూయే అనుకోనక్కర్లేదు. కరెంటు తీగ, వడదెబ్బ, పురుగుమందు కూడా చంపుతాయి. కాకులు గుంపుగా పడిపోయినా, పక్షి మెడ వంకరపోయి గిరగిరా తిరుగుతున్నా, ఎగరలేక ఒరిగిపోతున్నా అనుమానించాలి. 2021 జనవరిలో రాజస్థాన్, మధ్యప్రదేశ్‌లలో కాకులు అలా గుంపులుగా చచ్చాయి. అలాంటిది కంటబడితే ముట్టుకోకుండా పశువైద్యశాలకు గానీ, 1962 నంబరుకు గానీ చెప్పండి. నమూనాలు వాళ్లే తీసి భోపాల్ ప్రయోగశాలకు పంపుతారు. మీ ఇంట్లో పిల్లి ఉంటే దాన్నీ దూరంగా ఉంచండి. ఈ వైరస్‌కు పిల్లిజాతి తేలిగ్గా లొంగిపోతుంది, నాగపూర్‌లో పులులే చనిపోయాయి.

ప్రశ్న: చికెన్, గుడ్లు మానేయాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అక్కర్లేదు. 70 డిగ్రీల వేడికి వైరస్ చస్తుంది, మన కూర అంతకంటే ఎక్కువే ఉడుకుతుంది. హాఫ్‌బాయిల్ మానండి. పచ్చి మాంసం కడిగాక చేతులు, కత్తిపీట శుభ్రం చేసుకోండి, పిల్లల చేతికి పచ్చిముక్క అందనివ్వకండి.

ప్రశ్న: మా ఊళ్లో ఒకాయన చచ్చిన కోళ్లను సంచుల్లో కట్టి కాలువలో పారేస్తున్నాడు. గద్దలు, కుక్కలు పీక్కుతింటున్నాయి. పక్షులకు జబ్బు రాదా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఎందుకు రాదూ? ఆ కోళ్లు బర్డ్ ఫ్లూతోనే చచ్చి ఉంటే గద్దకు విందు పెట్టి మరీ అంటించినట్టు. 2025 ఫిబ్రవరిలో మీ గోదావరి జిల్లాల్లోనే ఫారాల్లో ఈ జబ్బు బయటపడింది కదా. ఫారంలో కోళ్లు ఉన్నట్టుండి చనిపోతుంటే పశుసంవర్ధక శాఖకు చెప్పి, వాళ్లు చూపిన చోట లోతైన గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి. మీ ఊరాయన వినకపోతే పంచాయతీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ కాలువ నీళ్లే కింది ఊళ్ల చెరువుల్లోకి వెళ్తాయి.