పరకృతిగానము – మాతుధాతు వివేకము

అన్యుల పాటను పాడుటకు అనుమతి కావలెనా యను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. పాట యనునదే రెండు వస్తువుల కలయిక. సంగీతరత్నాకరమున శార్ఙ్గదేవుడు వాక్కును మాతువనియు, గేయమును ధాతువనియు వేరుపరచెను. పరధాతువునకు మాతువు గూర్చువానిని కుట్టికారుడనెను. 1957 నాటి కాపీరైట్ చట్టము సైతము సాహిత్యమును, సంగీతమును వేర్వేరు రచనలుగనే గణించును.

దృష్టాంతముగ, అన్నమాచార్యుడు 1503లో పరమపదించెను. రాగిరేకులందు సాహిత్యముతోపాటు ప్రాయికముగ రాగనామము మాత్రమే కలదు. ఆ మాతువు సర్వులది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు కూర్చిన ధాతువులు అట్లు కావు. వారు 1979లో గతించిరి. తదుపరి 60 ఏండ్లు, అనగా 2039 చివరివరకు, వానికి రక్షణ కలదు. (హక్కు కూర్చినవారిదా, నియోగించిన సంస్థదా యనునది వేరు విచారణ.) ‘అన్నమయ్య పాటకు అనుమతి యేల?’ అనువారు ఈ భేదమును గమనింపరు.

వివాహాది కార్యములందు పాడుటకు చట్టమే మినహాయింపు నిచ్చినది. చిక్కంతయు ధ్వనిముద్రణమున కలదు. 2012 సవరణతో చేరిన 31సి సెక్షను ప్రకారము, యజమాని సమ్మతితో తొలి ముద్రణ జరిగిన సంవత్సరము ముగిసి ఐదేండ్లు గడచిన పిమ్మట, ముందుగ తెలిపి, ఏటా కనీసము 50,000 ప్రతులకు రాయల్టీ చెల్లించి, అన్యులు పాడి వెలువరింపవచ్చును. భాషావ్యాప్తిని బట్టి ఈ సంఖ్యను తగ్గించు వీలున్నను, సామాన్యగాయకునకిది భారమే. పైగా సాంకేతికముగ అవసరము కాని మార్పు కూడదు. మరి మనోధర్మముతో ఒక సంగతిని పెంచి పాడినచో అది మార్పగునా? న్యాయవేత్తలు, లాక్షణికులు కలసి తేల్చవలసిన యంశమిది.