సైట్‌లో స్టోర్స్ ఉద్యోగం చిన్నదేం కాదు

సివిల్ డిప్లొమా చేసినవాళ్లు సైట్ ఇంజినీర్ పోస్టు కోసమే ఎదురుచూస్తారు తప్ప స్టోర్స్ వైపు తొంగి చూడరు. బీకాం వాళ్లలో చాలామందికి ఇలాంటి కొలువొకటుందనే తెలియదు. నిర్మాణ ఖర్చులో పెద్ద వాటా మెటీరియల్‌దే. దాని లెక్క పక్కాగా చెప్పగలిగేవాడి మాట ప్రాజెక్టు మేనేజరైనా వినాల్సిందే.

పని గేటు దగ్గరే మొదలవుతుంది. లారీని వేబ్రిడ్జి మీద లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తూచాకే చలానా మీద సంతకం. ఇనుముకు ఇంకో లెక్క ఉంది: కడ్డీ మందం మిల్లీమీటర్లలో ఎంతో, దాన్ని అంతతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎం.ఎం. కడ్డీకి సుమారు 0.89 కిలోలు. ఈ సైజుకు 5 శాతం దాకా తేడాను ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అంతకంటే తక్కువ తూగితే సరుకు వెనక్కే. ఇసుక మరీ గడుసుది. కాస్త చెమ్మ తగిలితే ఉబ్బి, పావు వంతు ఎక్కువున్నట్టు కనిపిస్తుంది.

సిమెంటు బస్తాలు ఒకదానిపై ఒకటి పదికి మించి పేర్చకూడదు, గోడకు ఆనకూడదు, ముందొచ్చినవి ముందు పోవాలి. మూడు నెలలు దాటితే మళ్లీ పరీక్ష చేయించాలి.

అసలు సత్తా తేలేది నెలాఖరు రీకన్సిలియేషన్‌లో. నెల మొదట్లో 10 టన్నుల ఇనుము ఉంది, 40 వచ్చింది, చివరికి 12 మిగిలింది అనుకుందాం. అంటే 38 టన్నులు వాడారు. బార్ బెండింగ్ షెడ్యూల్ (ఏ కడ్డీ ఎంత పొడవు, ఎన్ని కావాలో రాసే పట్టిక) ప్రకారం జరిగిన పనికి పట్టేది 35. ఒక టన్ను కట్ పీసులు యార్డులో కనబడుతున్నాయి. మిగతా రెండు టన్నులేవి? షెడ్యూల్‌లో రాయని ఛెయిర్లకు (పై వరస కడ్డీలను ఎత్తి నిలిపే ముక్కలకు) పోయాయా, స్లిప్పు లేకుండా సబ్ కాంట్రాక్టర్‌కు ఇచ్చారా, గేటు దాటాయా? స్టాకు పుస్తకంతో పాటు డ్రాయింగ్ కూడా చదవగలిగినవాడే దీనికి జవాబు పట్టుకుంటాడు. అలాంటివాళ్లు స్టోర్స్‌లోనే ఉండిపోరు. పర్చేజ్, ప్లానింగ్ విభాగాలకు వెళ్తారు.

ఎక్సెల్ బాగా రావాలి. ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్‌లో మెటీరియల్స్ మాడ్యూల్ తెలిస్తే పెద్ద కంపెనీల్లో పనికొస్తుంది. దుమ్ము తప్పదు, రాత్రి లోడ్లూ తప్పవు. తూకం చూడకుండా సంతకం పెట్టమని బతిమాలేవాళ్లూ ఉంటారు, అలవాటు పడాలి.

ఇంటర్వ్యూకు వెళ్లేముందు మీ వీధిలో కడుతున్న ఇంటికెళ్లి, మేస్త్రీని అడిగి, ఒక శ్లాబుకు పట్టే ఇనుము లెక్క కట్టండి. ఆ కాగితాన్ని రెజ్యూమెకు జతచేయండి.