వీధి వార్త

వార్త అనగానే దినపత్రిక మొదటి పుట జ్ఞప్తికి వస్తుంది. శాసనసభ సమావేశం, తుపాను హెచ్చరిక, క్రికెట్ విజయం అన్నీ వార్తలే. కాని ‘రేపు ఉదయం నీళ్లు రావు’ అన్నది కూడా వార్తే. ‘మూలమీది వేపచెట్టును కొట్టేస్తారట’ అన్నదీ వార్తే. మొదటి రకం వార్త తెలియకపోయినా ఆ పూట గడుస్తుంది. రెండవ రకం తెలియకపోతే బిందెలు ఖాళీగా ఉంటాయి, చెట్టు ఉండదు. నగరం విస్తరించిన కొద్దీ మొదటి రకం వార్తలు ఇంటింటికీ వెల్లువలా వస్తున్నాయి. రెండవ రకం వార్తలు మాత్రం చేరవలసిన చెవులకు చేరడం లేదు. ఈ పరిణామాన్ని గమనించడానికి హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీ అనువైన తావు.

శ్రీనగర్ కాలనీ పంజాగుట్ట, అమీర్‌పేటలకు పడమటి దిక్కున, ఎల్లారెడ్డిగూడను ఆనుకొని ఉంటుంది. ఒక ప్రక్క యూసఫ్‌గూడ, కృష్ణానగర్. మరొక ప్రక్క మిట్ట ఎక్కితే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఆపైన ఫిల్మ్‌నగర్. సమీపంలోని సారథి స్టూడియోలో నిర్మించిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో విడుదలైంది. పూర్తిగా హైదరాబాదులోనే తయారైన తొలి తెలుగు చిత్రంగా దానికి పేరు. అక్కినేని నాగేశ్వరరావు 1960లలో మద్రాసు విడిచి హైదరాబాదుకు తరలివచ్చారు. 1970ల నడుమ బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పారు. 1980లలో పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. చిత్రపరిశ్రమ మెల్లమెల్లగా మద్రాసునుండి కదలి వస్తూ, స్టూడియోలకు దగ్గరగా కార్యాలయాలు వెదకుకొంది. ఉద్యోగులు, విశ్రాంత అధికారులు కట్టుకొన్న ఇండ్లున్న శ్రీనగర్ కాలనీలో నిర్మాణ సంస్థల నామఫలకాలు అట్లా కనిపించసాగాయి. నాటినుండి ఈ ప్రాంతం పేరు పత్రికలలో సినిమా వార్తల తోడుగానే ఎక్కువగా కనిపిస్తుంది.

కాలనీ సొంత వార్తలకు వేరే దారులుండేవి. పెరటిగోడ మీదుగా ఒక వార్త వెళ్లేది. పాలబూతు దగ్గర వరుసలో ఇంకొకటి. ఇస్త్రీబండివానికి ఏ ఇంట పెండ్లి చూపులో ముందుగా తెలిసేది, పట్టుచీరలు అతని చేతిమీదుగానే కదా వెళ్లవలసింది! గుడి మెట్లమీద, సత్యసాయి నిగమాగమంలో జరిగే పెండ్లిళ్లలో, సంగీత సభలలో నలుగురూ కలిసేవారు. ఈ మాటలలో చాడీలూ ఉండేవి, కాదనలేము. అయినా ఎవరింట్లో జ్వరమో, ఏ వీధిలో మురుగుకాలువ పొంగిందో ఆ నోటా ఈ నోటా సాయంత్రానికి అందరికీ తెలిసేది.

ఆ ఇండ్లు ఇప్పుడు చాలావరకు లేవు. పిల్లలు అమెరికాలోనో, నగరపు మరో కొసనో స్థిరపడ్డారు. వృద్ధులైన తల్లిదండ్రులకు పెద్ద ఇంటి నిర్వహణ భారమైంది. స్థలం యజమానిది, నిర్మాణం బిల్డరుది. పూర్తయిన ఫ్లాట్లను ఇద్దరూ పంచుకుంటారు. ఈ ఒప్పందం కింద మామిడి, కొబ్బరి చెట్ల నడుమనున్న ఒక ఇల్లు అయిదంతస్తుల భవనమైంది. కింద దుకాణం, మొదటి అంతస్తులో కార్యాలయం, ఆపైన కుటుంబాలు. ఒకే మెట్లదారిలో దిగేవారు ఒకరినొకరు ఎరుగరు. అందరినీ ఎరిగినవాడు వాచ్‌మన్ ఒక్కడే. ఏ ఊరినుండో పొట్టచేతబట్టుకొని వచ్చి, సెల్లారులోని చిన్నగదిలో భార్యాబిడ్డలతో ఉండే అతడే నేటి వీధికి విలేకరి. ఆ భవనాన్ని గురించి నిర్ణయాలు చేసే సమావేశంలో మాత్రం అతనికి చోటుండదు.

నీటి విషయం చూస్తే ఈ మార్పు బరువు తెలుస్తుంది. ఒక కుటుంబానికి సరిపోయిన స్థలంలో పది కుటుంబాలు చేరినపుడు అవసరం పదింతలవుతుంది. వాననీరు ఇంకే నేల మాత్రం సిమెంటు కింద దాగిపోతుంది. నగరానికి నీళ్లు దూరంనుండి రావాలి. 1960లలో మంజీర, 2004లో కృష్ణ, 2015లో గోదావరి జలాలు వచ్చాయి. (ఏ నది నీళ్లు వచ్చినా పాత నగరవాసుల నోట అవి ఇప్పటికీ ‘మంజీర నీళ్లే’.) కృష్ణ, గోదావరి నీళ్లు వందకు పైగా కిలోమీటర్లు ప్రయాణించి వస్తాయి. అంతదూరం వచ్చిన నీరు చివరి వంద గజాలలో లైన్‌మన్ వాల్వు తిప్పే వేళమీద ఆధారపడుతుంది. ఆ వేళ తెలిసినవారు సంపు నింపుకుంటారు. తెలియనివారు ట్యాంకరు కొంటారు. 2024 వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకర్లకోసం నగరమంతా ఎదురు చూచింది. ఇంకుడుగుంత తవ్వాలన్న సూచన ఏటా వినబడుతుంది; తవ్వవలసిన చోట వాహనాలు నిలిపి ఉంటాయి.

కాలనీనుండి కొద్ది నిమిషాలు నడిస్తే కృష్ణానగర్. అక్కడి ఇరుకు గదులలో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మన్‌లు, మేకప్ సహాయకులు, అవకాశంకోసం పల్లెలనుండి వచ్చిన యువకులు ఉంటారు. వారికి అన్నిటికంటె పెద్దవార్త సాయంత్రం ఫోనులో వస్తుంది: రేపు షూటింగు ఉందా, లేదా? 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో షూటింగులు ఆగిపోగా ఆ ఫోను మోగలేదు. చిరంజీవి ముందు నిలిచి ఏర్పాటు చేసిన కరోనా క్రైసిస్ చారిటీ ద్వారా కార్మికుల ఇండ్లకు నిత్యావసర సరకులు చేరాయి. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని సినీకార్మికులు సమ్మె చేయగా, రెండు వారాలకు పైగా షూటింగులు నిలిచిపోయాయి. చివరకు మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం పెంపుతో సమ్మె ముగిసింది. శ్రీనగర్ కాలనీ కార్యాలయంలో అది విడుదల తేదీకి సంబంధించిన వార్త. కృష్ణానగర్‌లో ఇంటి అద్దెకు సంబంధించిన వార్త. రెండిళ్ల నడుమ దూరం అర కిలోమీటరే కావచ్చు, వార్త మాత్రం ఒకటి కాదు.

వీధి వార్త సకాలంలో అందితే ఏమవుతుందో 2016లో కనబడింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సమీపాన, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి పేరిట జాతీయ ఉద్యానం ఉన్నది. అక్కడ ఉదయపు నడకకు వచ్చేవారిలో నటులు, వైద్యులు, చిరుద్యోగులు అందరూ ఉంటారు. ఉద్యానం చుట్టూ ఉన్న కూడళ్లలో ఫ్లైఓవర్లు నిర్మించడానికి ప్రభుత్వం ప్రతిపాదించింది. అందుకోసం వందలాది చెట్లు పోతాయన్న విషయం నడకదారిలో మాటగా మొదలైంది. మాటతో ఆగలేదు. కొందరు ప్రణాళిక ప్రతులు సేకరించి చదివారు, చెట్లు లెక్కించారు, ఉద్యానం వద్ద నిరసన తెలిపారు, జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. చెట్ల నరికివేతపై ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. రద్దీ తగ్గాలని కోరేవారి వాదనలోనూ న్యాయం లేకపోలేదు. ఆ కూడళ్లలో గంటసేపు నిలిచినవారికి అది తెలుసు. 2024లో మళ్లీ అదే ఉద్యానం చుట్టూ ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రతిపాదన ముందుకు వచ్చింది, చర్చ మళ్లీ మొదలైంది.

పెరటిగోడ పోయినచోట చరవాణిలోని వాట్సాప్ బృందం వచ్చింది. నీళ్లు రావన్న కబురు ఇప్పుడు క్షణంలో చేరుతుంది, ఇది మేలే. అయితే గోడ మీదుగా మాట చెప్పిన మనిషి ముఖం కనబడేది. అబద్ధమైతే మరునాడు నిలదీసే వీలుండేది. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి ఫోన్లలో వ్యాపించింది. దానిని నమ్మిన గుంపు పాతనగరంలోని చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. వదంతిని పంపినవారిలో ఎంతమంది దానిని విచారించి పంపారు?

2019 మార్చినుండి అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీకి మెట్రో రైలు నడుస్తున్నది. యూసఫ్‌గూడ వద్ద రైలు దిగి పనికి వెళ్లేవారు, పనిచేసి ఎక్కేవారు వేలల్లో ఉంటారు. యూసఫ్‌గూడ, బోరబండ, ఎర్రగడ్డ ప్రాంతాలున్న జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గానికి 2025 నవంబరు 11న ఉప ఎన్నిక జరిగింది. వారాలపాటు పత్రికలలో, టీవీలలో అదే వార్త. ఓటు వేసినవారు సగంమంది కూడా లేరు.

అభ్యాసం

విశ్రాంత = పదవీ విరమణ చేసిన; వదంతి = ఆధారం లేని మాట; చరవాణి = సెల్‌ఫోను.

కృష్ణానగర్‌లో, శ్రీనగర్ కాలనీలో ఒకే సమ్మె రెండు వార్తలు ఎట్లా అయిందో వివరించండి. ఉద్యానం చెట్ల విషయంలో పౌరులు చేసిన పనులను వరుసగా రాయండి. మీ వీధికి నీళ్లు ఏ నదినుండి, ఏ వేళకు వస్తాయో, ఆ సంగతి మొదట ఎవరికి తెలుస్తుందో విచారించి పది వాక్యాలలో రాయండి.