‘అయినా’ అనే మాట గురించి

చిరంజీవి అమ్మాయికి,

నీ ఫోనూ వచ్చింది, కచేరీ రికార్డింగూ వచ్చింది. రికార్డింగు రెండుసార్లు విన్నాను, దాని సంగతి చివర్లో చెబుతాను. ముందు నువ్వు సంబరంగా చెప్పిన ఆ ముక్క. కచేరీ అయ్యాక ఎవరో పెద్దాయన దగ్గరికొచ్చి ‘ఆడపిల్లవయినా భలే వాయించావమ్మా’ అన్నారన్నావు. ఆయన మనసు మంచిదే. కానీ ఆ ‘అయినా’ మాత్రం నా చెవికి రవ్వ ఎండిపోయిన మృదంగం తొప్పిలా తగిలింది.

ఈ మాట చేతల్లో నేనూ అన్నవాణ్ణే. ముప్పై ఏళ్ల కిందట నా దగ్గర ఒకమ్మాయి నేర్చుకునేది. పాఠం మధ్యలో ఎవరైనా వస్తే ‘అమ్మాయ్, కాస్త కాఫీ అందుకో’ అని ఆమెనే లోపలికి పంపేవాణ్ణి. ఎదురుగా నలుగురు మగపిల్లలు ఊరికే కూర్చుని ఉండేవాళ్లు. ఆమె తిరిగొచ్చేసరికి పాఠం ఒక విడత అయిపోయేది. ఒకరోజు గుమ్మంలో నిలబడి, చేతిలో ట్రే అలాగే ఉండగా, వేలితో దాని అంచు మీద మిగతా జతులు వాయించుకుంటోంది. చూసి మురిసిపోయానే గానీ, ట్రే దించి వచ్చి కూర్చోమనలేదు. పెళ్లయ్యాక ఆమె మృదంగం మానేసింది. అందులో నా వాటా ఎంతో నాకు తెలుసు.

మృదంగం ఆడవాళ్లకు కొత్తని ఎవరైనా అంటే ఏలూరు పేరు చెప్పు. అక్కడి నిడుమోలు రాఘవయ్యగారు తన కూతురు సుమతిని చిన్నప్పుడే మృదంగం ముందు కూర్చోబెట్టారు. ఆవిడ ఆ తర్వాత దండమూడి రామమోహనరావుగారి దగ్గర నేర్చుకుని, ఆయన్నే పెళ్లాడారు. 2021లో ఆవిడకు పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాది నాదస్వరానికి షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకూ ఇచ్చారు. నాదస్వరానికి మగవాడి ఊపిరే కావాలనేవాళ్లకు కాలీషాబీ వాద్యం ఒక్కసారి వినిపించాలి.

మన వాద్యంలో మహామహుడు పాల్ఘాట్ మణి అయ్యర్ చాలాకాలం ఆడవాళ్ల పాటకు పక్కన కూర్చోలేదు. ఆ పట్టు సడలింది డి.కె. పట్టమ్మాళ్ దగ్గర. రాగం తానం పల్లవి మగవాళ్ల సొత్తనుకునే రోజుల్లో పాడి, ‘పల్లవి పట్టమ్మాళ్’ అనిపించుకున్న మనిషి ఆవిడ. అయ్యర్‌గారి వాయింపుకు రోజూ దండం పెడతాను, ఆ పట్టింపుకు పెట్టను. బెంగళూరు నాగరత్నమ్మ సంగతి ఇంకా విడ్డూరం. 1920లలో నగలమ్మి మరీ తిరువయ్యారులో త్యాగయ్యగారి సమాధికి గుడి కట్టించింది. తీరా ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదన్నారు. కట్టడానికి ఆవిడ నగలు పనికొచ్చాయట, పాడటానికి గొంతు పనికిరాలేదట! ఆవిడ వాదిస్తూ కూర్చోలేదు. గుడి వెనకవైపు ఆడవాళ్లను చేర్చి పాడించింది. విడివిడిగా ఆరాధన జరిపే వర్గాలన్నీ కలిసి ఒకే ఆరాధన చేసేసరికి 1940ల మొదలైంది.

సంగీతం సంగతి అటుంచితే, కొండలెక్కడం గురించి నాకేం తెలియదు, మేడ మెట్లెక్కితేనే ఆయాసం. కానీ మాలావత్ పూర్ణ కథలో ఒకటి నచ్చింది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి సాంఘిక సంక్షేమ గురుకులానికి వచ్చిన కూలీల బిడ్డ. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి పద్నాలుగేళ్లు నిండలేదు. గురుకులాల పిల్లల్ని భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లద్దాఖ్ దాకా వడపోసుకుంటూ పోతే చివరికి ఇద్దరు మిగిలారు, పూర్ణ, ఆనంద్. ఆడపిల్లకని వేరే జల్లెడ పెట్టలేదు.

ఇక మీ ఇంటి సంగతి. మీ అన్నయ్యకు పరీక్షలంటే టీవీ గొంతు తగ్గుతుంది. నీ సాధన వేళకు మాత్రం కుక్కర్ నీ మీద పడుతుంది. ఆది తాళంలో ఎనిమిది లెక్కపెట్టే పిల్ల, మధ్యలో విజిళ్లు కూడా లెక్కపెట్టాలా? అమ్మతో పోట్లాడకు, పాపం ఆవిడకు తనకంటూ ఒక వేళే లేకుండా పోయింది. అన్నయ్యకే చెప్పు. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా కుక్కర్ వాడిది. మూడు విజిళ్లు లెక్కపెట్టడం వాడికీ వస్తుంది.

రికార్డింగు విషయానికొస్తే, కీర్తనకు నీ వాయింపు ఒద్దికగా ఉంది, సాహిత్యం మీద పడలేదు. తనిలో తిశ్రం నుంచి చతురశ్రానికి తిరిగొచ్చేటప్పుడు కాలం పెంచావు. ముక్తాయింపు మూడోసారి ఎడుపు కంటే ముందే వచ్చి పడింది. పాడుతున్నావిడ సర్దుకుంది కాబట్టి సభలో ఎవరూ పట్టుకోలేదు. మగపిల్లాడు ఈ తప్పు చేస్తే నెల్లాళ్లు పట్టు వదలను, నిన్నూ వదలను. ఆదివారం ఏడింటికల్లా వచ్చెయ్. రవ్వ తేనక్కర్లేదు, ఇక్కడుంది.

మీ మాస్టారు