ఆస్ట్రోనేషియన్ మాటలు స్పానిష్‌లోకి ఎలా చేరాయి?

ఫిలిప్పీన్స్‌లోని తగలోగ్ భాషలో అయిదును ‘లిమా’ అంటారు. మలయ్‌లోనూ అదే మాట. న్యూజిలాండ్‌లోని మావోరీలో ‘రిమా’, ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్‌లో ‘దిమి’. హవాయి భాషలో ‘లిమా’ అంటే చేయి కూడా. చేతికి వేళ్ళు అయిదే కదా!

ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. హవాయిలో ‘ల’ ఉన్న చోట మావోరీలో ‘ర’ వస్తుంది: లిమా–రిమా, లువా–రువా (రెండు), లౌ–రౌ (ఆకు). ఇలా ధ్వనులు ఒక క్రమంలో మారితే ఆ భాషలకు మూలం ఒకటేనని శాస్త్రవేత్తలు నిర్ధారిస్తారు. తమిళ ‘మరం’, తెలుగు ‘మ్రాను’ అలాంటి బంధువులే. సుమారు 1,200 భాషలున్న ఈ కుటుంబమే ఆస్ట్రోనేషియన్.

పుట్టిల్లు తైవాన్

ఒక భాషా కుటుంబం ఎక్కువ కాలం నివసించిన చోట దాని శాఖలు ఎక్కువగా ఉంటాయి. భాషాశాస్త్రవేత్త రాబర్ట్ బ్లస్ట్ ఈ కుటుంబాన్ని పది ప్రధాన శాఖలుగా విభజించారు. వాటిలో తొమ్మిది తైవాన్‌లోనే ఉన్నాయి. మడగాస్కర్ నుంచి ఈస్టర్ దీవి వరకు ఉన్న మిగతా భాషలన్నీ ఒక్క శాఖే. సుమారు 4,000 ఏళ్ల క్రితం ఈ నావికులు ఫిలిప్పీన్స్ చేరారు. వారి వారసులు 13వ శతాబ్దం నాటికి న్యూజిలాండ్‌లో అడుగుపెట్టారు.

ఓడలెక్కిన మాటలు

వారసత్వంగా వచ్చిన మాటలు వేరు, అరువు మాటలు వేరు. 1565 నుంచి 1815 వరకు స్పెయిన్ ఓడలు ఫిలిప్పీన్స్‌కూ, మెక్సికోలోని అకపుల్కో రేవుకూ మధ్య తిరిగాయి. సరుకులతో పాటు మాటలూ వచ్చాయి. తాళ్ళు పేనే నారనిచ్చే, అరటిని పోలిన మొక్క ‘అబకా’. నీటి గేదె ‘కరబావో’. విసనకర్ర ‘పైపై’. కొబ్బరి గెల నుంచి కల్లు తీసే పనినీ, ‘టుబా’ అనే దాని పేరునూ ఫిలిప్పీన్స్ నావికులు మెక్సికో తీరానికి తెచ్చారు. అక్కడి కొలీమాలో టుబా నేటికీ అమ్ముతారు.

కొన్ని మాటలు చుట్టుదారిన వచ్చాయి. పచ్చబొట్టుకు స్పానిష్ మాట ‘తతువాహె’. దాని మూలం పాలినేషియన్ ‘తతౌ’. అది ఫ్రెంచి ద్వారా చేరింది. నిషేధాన్ని సూచించే ‘తబూ’ను 1777లో టోంగాలో కెప్టెన్ కుక్ నమోదు చేశాక ఇంగ్లిషు దాన్ని లోకానికి పంచింది. అయితే సముద్రపు మాటలన్నీ దీవులవి కావు. స్పానిష్ ‘కతమరాన్’ మన పక్కనున్న తమిళ ‘కట్టుమరం’.

ప్రమాదంలో ఆధారాలు

ఈ చరిత్రకు కీలక సాక్ష్యం తైవాన్ ఆదివాసీ భాషలు. వాటిలో కొన్ని ఇప్పటికే అంతరించాయి, మరికొన్నింటిని వృద్ధులు మాత్రమే మాట్లాడుతున్నారు. 2017లో తైవాన్ చట్టం చేసి వీటికి జాతీయ భాషల హోదా ఇచ్చింది. కొత్త తరం పిల్లలు ఇంట్లో వాటిని పలికితేనే ఆ హోదాకు ఫలితం. ఒక్కో భాష మూగబోయినప్పుడు, దాన్ని మాట్లాడేవారు తమ పెద్దల మాటను కోల్పోతారు. పసిఫిక్ ప్రజల తొలి ప్రయాణాలను తెలుసుకునే దారి కూడా ఒకటి మూసుకుపోతుంది.