గాలి చూచి పడవ దింపాలి

పిల్లలూ! పియారా వాటర్స్‌లోని మీకు పడవ నేర్చుకొనడానికి ఉత్తరాన ఉన్న కానింగ్ నది అనువైనది. కెంట్ వీధి ఆనకట్ట అక్కడ మంచినీటిని, దిగువ ఉప్పునీటిని వేరుచేస్తుంది. నల్లహంసల మధ్య కయాక్‌లో తెడ్డు వేయవచ్చు.

సముద్రం సంగతి వేరు. డిసెంబరులో మొదలయ్యే మీ వేసవిలో, పెర్త్ తీరాన ఉదయం తరచుగా తూర్పుగాలి వీస్తుంది. అది నేలమీద నుండి సముద్రం మీదికి పోయే గాలి. ఒడ్డున నీరు అద్దంలా ఉంటుంది. అదే మోసం! తెడ్డు ఆపినా పడవ నడిసముద్రంవైపు కొట్టుకుపోతుంది. తిరిగి రావాలంటే ఎదురుగాలి.

ఎండెక్కిన కొద్దీ నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. నేలమీది వేడిగాలి పైకి లేస్తుంది. ఆ చోటికి సముద్రంనుండి చల్లగాలి వస్తుంది. నైరుతినుండి వచ్చే ఈ గాలిని పెర్త్‌వారు 'ఫ్రీమాంటిల్ డాక్టర్' అంటారు. ఉక్కకు మందే కాని, చిన్న పడవకు మాత్రం అలల బాధ.

తెరచాపల కాలంలో మన విశాఖ తీరపు జాలరులు తెల్లవారుజామున నేలగాలితో వెళ్ళి, సముద్రపు గాలితో తిరిగివచ్చేవారు. మీకు తెరచాప లేదు, చేతులే ఉన్నాయి. కనుక లైఫ్ జాకెట్ తొడుక్కొని, పెద్దలతో కలిసి, మొదట గాలికి ఎదురుగా వెళ్ళండి. అలసినప్పుడు గాలే వెనుకకు తెస్తుంది. పడవ బోల్తాపడితే దానిని వదలి ఈదవద్దు. పట్టుకొని ఉండండి. తలకంటే పడవే దూరానికి కనబడుతుంది.